మూత తీసేలోపు ప్రార్థన

సమాధుల తోటలో పాస్టరుగారు చివరి ప్రార్థన ముగించి ఆమెన్ అనగానే, నా వెనక నిలబడ్డ ఇద్దరు ఆడవాళ్ళలో ఒకామె రెండో ఆమె చెవిలో అంది:

"అదే ఈ పెద్దాయన సేసుంటేనా, ఈపాటికింకా మంత్రుల కాడే ఉండీవోరు."

రెండో ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ పెద్దాయన పెట్టె మీద మట్టి వేయడానికి వంగిన మనవరాలికి కూడా ఆ మాట వినబడింది. ఏడుస్తూనే ఒక్క క్షణం నవ్వింది, మళ్ళీ ఏడ్చింది.

నాకు వాళ్ళ మీద కోపం రాలేదు. మా సంఘంలో ఎవరిని కదిపినా ఆయన గురించి మొదట చెప్పేది ఆయన పొడుగు ప్రార్థన సంగతే. నేనూ ఎన్నోసార్లు నవ్వుకున్నాను. కాని గోడకి ఇవతలి ఇంట్లో ఉన్నదాన్ని కనుక నాకు ఆయన పొట్టి ప్రార్థన కూడా తెలుసు. అది ఎలా పొట్టిదైందో తెలిసినవాళ్ళు ఎక్కువమంది లేరు. అందుకే ఇది రాస్తున్నాను. పేరు రాయను. అది పరలోకంలో రాసి ఉండవలసిన చోట రాసి ఉందని నా నమ్మకం.

ఆయన బస్సు కండక్టరుగా పనిచేసి రిటైరయ్యారు. ఎక్కువకాలం నర్సీపట్నం నుంచి చింతపల్లి వైపు ఘాట్ రోడ్డు మీదే తిరిగారు. ఉద్యోగం వదిలినా ఆ నడక ఆయన్ని వదల్లేదు. ఇంట్లో ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వెళ్ళేటప్పుడు కూడా కిటికీ చువ్వనో కుర్చీ వీపునో పట్టుకునే నడిచేవారు, నేల ఎప్పుడు మలుపు తిరుగుతుందో అన్నట్టు. ఆదివారం గుడిలో జనం తలుపు దగ్గరే గుంపుకడితే పాట మధ్యలో లేచి, "ముందుకి జరగండమ్మా, ముందర కాళీయే" అనేవారు. కొత్తగా వచ్చినవాళ్ళు అది కూడా ఆరాధనలో భాగమనుకునేవారు. ఘాట్ ఎక్కేముందు బస్సులోనే నిలబడి కళ్ళు మూసుకుని ప్రార్థించేవారట. డ్రైవరు వెనక్కి తిరక్కుండానే, "మీరు మూసుకోండి కండక్టరుగారూ, నాను తెరిసే ఉంతాన్లెండి" అనేవాడట. ఈ సంగతి ఆయనే చెప్పి ఆయనే నవ్వేవారు.

ఆయన ప్రార్థనకి ఒక వరుస ఉండేది. మొదట ఆకాశం, భూమి. తరువాత దేశాన్ని ఏలే మంత్రులు, సరిహద్దులో సైనికులు, వానలు, రైతులు, పరీక్షలు రాసే పిల్లలు. ఆ తరువాత సంఘంలో జబ్బుపడ్డవాళ్ళు, ఒక్కొక్కరూ పేరుతో, జబ్బుతో సహా. ఎవరికి షుగరు ముదిరిందో ఎవరికి మొలలు తిరగబెట్టాయో మాకు అలాగే తెలిసేది. తరువాత కొండ మీద ఊళ్ళకి సువార్త మోసుకెళ్ళేవాళ్ళు. ఆఖరున డ్రైవర్లు, కండక్టర్లు. కండక్టర్లు వచ్చారంటే ముగింపు వచ్చిందని పిల్లలు కళ్ళు తెరిచేవారు. ఇళ్ళలో కూడికలప్పుడు ఆయనకి ప్రార్థన అప్పగిస్తే, ఆ ఇంటామె ఉప్మాని పొయ్యి మీదనుంచి దించేది కాదు. నేను సండేస్కూలు పిల్లలకి పాఠం చెబుతాను. మా ఇంట్లో జరిగిన ఒక కూడిక తరువాత ధైర్యం చేసి, "పెద్దయ్యగారూ, పిల్లలంతా నిద్రపోయారండి" అన్నాను.

"పోతే పోనీ టీచరమ్మా. దేవుడికి తొందరేటి?" అన్నారు.

ఆయన్ని ఆపగలిగింది ఆయన భార్య ఒక్కతే. ఆమెని నేను పెద్దమ్మ అనేదాన్ని. ప్రార్థన మరీ సాగితే వెనకనుంచి ఆయన మోచేతిని వేలితో ఒక్క పోటు పొడిచేది. ఆయన ఎక్కడున్నా, రైతుల దగ్గరున్నా రోగుల దగ్గరున్నా, ఒక్క గెంతున కండక్టర్ల దగ్గరికి వచ్చి పడేవారు.

ఆమె పోయిన రోజున పొడిచే వేలు లేకపోయింది.

ఆ పొద్దున్న నేనక్కడే ఉన్నాను. పెద్దమ్మకి గుండెలో నొప్పి వచ్చింది. కోడలు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు. చెయ్యి పట్టుకుని చూసి, విశాఖపట్నం తీసుకెళ్ళాలి, ఇప్పుడే, అంది. కొడుకు స్నేహితుడి కారు తెచ్చి గేటు ముందు పెట్టాడు. పెద్దమ్మని వెనక సీట్లో పడుకోబెట్టారు, కోడలు ఆమె తలని ఒళ్ళోకి తీసుకుంది. ఇరుగుపొరుగు విశ్వాసులం చుట్టూ చేరాం. పెద్దాయన తెరిచి ఉన్న కారు తలుపు పట్టుకుని కళ్ళు మూసుకున్నారు. ఆకాశం, భూమి దగ్గర మొదలుపెట్టారు. ఇంజను నడుస్తూనే ఉంది. "నాన్నా" అన్నాడు కొడుకు. కాసేపటికి, "నాన్నా, సాలు" అన్నాడు. ఆయనకి వినబడలేదనుకున్నాం. ఆయన వానల కోసం, రైతుల కోసం ప్రార్థిస్తున్నారు. చివరికి కోడలే తలుపు మీదనుంచి ఆయన వేళ్ళు విడదీసి తలుపు వేసుకుంది. కారు అనకాపల్లి చేరకముందే పెద్దమ్మ ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయింది.

ముందే బయలుదేరినా ఆ గుండె అంతదూరం తట్టుకునేది కాదని కోడలు భర్తకి పదేపదే చెప్పింది. అతను వినేవాడు, తల ఊపేవాడు. కాని సమాధి కార్యక్రమం ముగిసి ఇంటికొచ్చిన సాయంత్రం తండ్రితో ఒకటే మాట అన్నాడు:

"ఇంకమీదట నేనున్న సోట నువ్వు ప్రార్థన సెయ్యకు నాన్నా. నా వల్ల కాదు."

గట్టిగా కూడా అనలేదు. ఆ ఆదివారం నుంచి అతను గుడికి రాలేదు. తండ్రీకొడుకులు ఒకే ఇంట్లో ఉంటూ గ్యాసు బండ గురించీ నీళ్ళ మోటారు గురించీ మాట్లాడుకునేవారు, అంతే.

పెద్దమ్మ ఉన్నన్నాళ్ళూ ఆ ఇంట్లో రాత్రి భోజనానికి ముందు అందరూ చాప మీద కూర్చుని ఒక పాట పాడి ప్రార్థన చేసుకునేవారు. మా ఇళ్ళలో అది అలవాటు. ఆమె పోయాక అది చెదిరిపోయింది. కోడలు డ్యూటీకి వెళ్ళేముందు అన్నం వండి మూత పెట్టి వెళ్ళేది. మనవరాలు ట్యూషన్ నుంచి వచ్చి ఫోను ముందు పెట్టుకుని తినేది. కొడుకు కచేరీల దగ్గర జెరాక్సు షాపు కట్టేసి, తండ్రి పడుకునే వేళ చూసుకుని వచ్చి, వంటగట్టు దగ్గర నిలబడి నాలుగు ముద్దలు తినేవాడు. పెద్దాయన ఒక్కరే చాప మీద కూర్చుని పాడుకునేవారు. నలుగురు పాడే పాటని ఒక్క గొంతు పాడుతుంటే, చరణానికీ చరణానికీ మధ్య ఆయన మిగతావాళ్ళ కోసం ఆగినట్టు గోడ ఇవతల మాకు తెలిసేది.

ఆ ఇంట్లోకి కరెంటు ప్రెషర్ కుక్కరు తెచ్చింది కోడలు. పాస్తా తెచ్చింది మనవరాలి గొడవ. అప్పుడు ఆ పిల్ల ఎనిమిదో తరగతి. స్నేహితురాలి పుట్టినరోజున తిని వచ్చి, నాకూ కావాలని తల్లి ప్రాణం తీసింది. సాయంత్రం డ్యూటీ పడిన వారాల్లో వండే తీరిక తనకి లేక, కోడలు ఆ పని మామగారికి నేర్పింది.

నేర్పుతున్నప్పుడు నేను గుమ్మంలో నిలబడి చూశాను. ఆ గిన్నెలోనే నూనె వేసి ఉల్లిపాయ, పచ్చిమిర్చి, అల్లంవెల్లుల్లి, టమాటా వేయించాలి. పాస్తా పోసి, మునిగీ మునగనట్టు నీళ్ళు పోసి, మూత బిగించి బటన్ నొక్కాలి. మూత మీద చిన్న సూది పైకి లేస్తే లోపల ఆవిరి పట్టినట్టు. ఉడికాక కుక్కరు కూత వేస్తుంది. కూత వేయగానే ఆవిరి వదిలితే నురగ చిమ్ముతుంది, అందుకని కాసేపు ఆగాలి. మరీ ఆగితే గంజి. ఆగవలసినంత ఆగి, గరిటె కాడతో పైనున్న మీట జరిపితే బుస్సుమని ఆవిరి పోతుంది, సూది కిందకి పడుతుంది. సూది పడితేగాని మూత రాదు.

"ఇది మన బస్సు తలుపేనమ్మా. గాలి ఒదిల్తేగాని తెరుసుకోదు" అన్నారు పెద్దాయన, వెంటనే అర్థమైపోయినట్టు.

పాస్తా అని ఆయన నోరు తిరగక కాదు, ఇష్టం లేక, గొట్టాలు అనేవారు. కోడలు చెప్పని పని ఒకటి తనే చేర్చారు. గుప్పెడు ఎండురొయ్యలు వేయించి పైన చల్లేవారు. మొదటిరోజు మనవరాలు ముక్కు మూసుకుంది.

"తాతా, పాస్తాలో రొయ్యలేటి?"

"మరి గొట్టాలు ఒట్టినే తింటారేటి, పిచ్చిమొకమా. తిని సూడు."

తిని చూసింది. మర్నాడు రొయ్యలు తక్కువయ్యాయని తగువుపడింది.

అక్కడే ఆయన ఒక సంగతి కనిపెట్టారు. కొన్నాళ్ళకి పెరట్లో బట్టలు ఆరేస్తున్న నాతో గోడ మీదుగా చెప్పారు.

"టీచరమ్మా, అన్నం ఆగుతాది. ఎవరెప్పుడొచ్చినా దాని మానాన అది ఉంతాది. ఈ గొట్టాలు ఆగవు. మూత తీసినప్పుడు తినాల్సిందే. లేకపోతే ముద్దకట్టీసి, కత్తెట్టి కొయ్యాల. అంటే ఏటి? అందరూ ఒక్కసారే కూకోవాల."

"అందరూ అంటే..."

"ఆడే. నా పిలుపుకి రాడు. ఆకలికొస్తాడు. ఆడు వచ్చి పక్కన కూకుంటే సాలమ్మా, నాకింకేటీ వొద్దు."

అలా శని, ఆదివారాలు వదిలేసి, కోడలికి సాయంత్రం డ్యూటీ పడిన ప్రతిరోజూ ఆ ఇంట్లో గొట్టాలే. ఆవిడ ఆసుపత్రి నుంచి వచ్చే వేళకి కూత పడేటట్టు ఆయన బటన్ నొక్కేవారు. నొక్కగానే మనవరాలు తండ్రికి ఫోను చేసేది. ఆ పిల్ల గొంతు నాకూ వినబడేది: "నాన్నా, నొక్కీసినాం. బేగి రా. నిన్నట్లా ముద్ద తిని నా మీద అరవకు."

మొదట్లో అతను ఆలస్యంగానే వచ్చి ముద్ద తినేవాడు. కూతురు పళ్ళెం బోర్లించి, పాస్తా కింద పడకపోవడం చూపించి వెక్కిరించేది. కొన్నాళ్ళకి వేళకి రావడం మొదలుపెట్టాడు. కాని లోపలికి రాడు. వాకిట్లో రేకు కింద స్కూటరు పక్కన నిలబడి ఫోను చూసుకుంటూ ఉండేవాడు. లోపల కుక్కరు కూత వేసేది. కూతకీ ఆవిరికీ మధ్య ఉన్న ఆ కాసేపట్లో తండ్రి ప్రార్థన చేస్తారని అతనికి తెలుసు. బుస్సుమని ఆవిరి వినబడ్డాక చెప్పులు విడిచి లోపలికి వెళ్ళేవాడు.

తండ్రి చాప మీద, కొడుకు వాకిట్లో. మధ్యలో తెరిచిన కిటికీ.

ఆ కాసేపు ఆయన ప్రార్థనకి చాలేది కాదు. అలవాటు కొద్దీ ఆకాశం, భూమి దగ్గర మొదలుపెట్టి సరిహద్దుల్లోకి వెళ్ళేసరికే గొట్టాలు లోపల చీకిపోయేవి. కోడలు కొన్నాళ్ళు ఓర్చుకుంది. ఒకరోజు మూత తీసి, గరిటెతో ఎత్తి, జారిపోతున్నదాన్ని చూపిస్తూ అంది:

"మావయ్యగారండీ, మీరు సైనికుల దాకా వెళ్ళారంటే ఇక స్పూన్లు తెచ్చుకోవడమేనండి."

మనవరాలు పడీపడీ నవ్వింది. ఆయనా నవ్వారు. కాని వాకిట్లో ఉన్నవాడు ఎంతసేపు నిలబడవలసి వస్తోందో ఆయన లెక్కలోకి అప్పుడే వచ్చిందనుకుంటాను. మర్నాటి నుంచి కోత మొదలైంది. ఆ సంగతి కూడా గోడ మీదుగానే తెలిసింది.

"ఈ వారం ప్రభుత్వాన్ని తీసేసినానమ్మా."

"మరి వాళ్ళ కోసం ఎవరు ప్రార్థిస్తారండీ?"

"పొద్దున్న సేస్తన్నాన్లే. పొద్దుటి ప్రార్థనకి మూత లేదు కదా."

తరువాత రైతులు వెళ్ళారు, పరీక్షల పిల్లలు వెళ్ళారు. రోగులని తీసేయడానికి ఆయన చాలా బాధపడ్డారు. చివరికి ఒక సాయంత్రం నేను కొత్తిమీర ఇవ్వడానికి వెళ్ళి విన్నది ఇదీ: "ప్రభువా, ఇచ్చినావు. తింతన్నాం. బయటున్నోళ్ళని కూడా సల్లగా సూడు. ఆమెన్." మూడు ముక్కలు. నేను కళ్ళు మూసుకునేలోపే అయిపోయింది. నీళ్ళలో మునిగిపోతూ 'ప్రభువా, రక్షించు' అన్న శిష్యుడు చేసినది కూడా పొట్టి ప్రార్థనేనని, దానికి వెంటనే చెయ్యి అందిందని పిల్లలకి ఎన్నో ఏళ్ళుగా చెబుతున్నాను. నోటితో చెప్పడం వేరు, పక్కింట్లో చూడడం వేరు.

ఆ రోజుల్లోదే ఇంకో ముచ్చట కూడా చెప్పాలి. మా సంఘంలో ఆడవాళ్ళు అన్నం వండిన ప్రతిసారీ ఒక పిడికెడు బియ్యం దేవుడి పేరున విడిగా డబ్బాలో వేసి, ఆదివారం గుడికి తెస్తారు. పెద్దమ్మ ఉన్నప్పుడు ఆమె తీసేది. ఆ బాధ్యత తనదనుకుని పెద్దాయన రోజూ ఒక పిడికెడు గొట్టాలు తీసి అదే డబ్బాలో, బియ్యంలోనే వేశారు. ఆదివారం పాస్టరమ్మగారు బియ్యమన్నీ ఒక్కచోట పోయించి చూస్తే మధ్యలో పసుపుపచ్చ గొట్టాలు తేలాయి.

"ఇదేటండీ పెద్దాయనా?"

"ఇంట్లో ఏది వండితే అందులోదే కదమ్మా దేవుడికి తియ్యాల. అరణ్యంలో ఆకలేసినోళ్ళకి దేవుడు మన్నా కురిపిస్తే, దాన్ని సూసి వాళ్ళూ 'ఇదేటి' అనే అడిగినారు."

సండేస్కూలు పిల్లలు ఏరి ఇస్తే, ఆరాధన తరువాత బియ్యంతోపాటు ఆ గొట్టాలు కూడా వేలం వేశారు. ఎవరూ పాడలేదు. చివరికి ఆయనే పాడుకుని ఇంటికి తెచ్చుకున్నారు.

ఇక ఆ సాయంత్రం సంగతి.

వేసవి చివర్లో, బడి తెరవకముందు. పిల్లల పాఠానికి రంగు కాగితాలు అడుగుదామని వాళ్ళింటికి వెళ్ళాను. కోడలు ఆ రోజు బేగి వచ్చేసింది. కుక్కరు మీద సూది అప్పుడే లేచింది. మనవరాలు పళ్ళేలు పరుస్తోంది. ఉన్నట్టుండి కొండల వైపునుంచి గాలి లేచి, వెంటనే వాన కొట్టింది. కరెంటు పోయింది. కుక్కరు మీది దీపం ఆరిపోయింది.

"ఇప్పుడెలాగమ్మా?" అన్నారు పెద్దాయన.

"ఏటీ అవదు మావయ్యగారండీ. ఆవిరి లోపలే ఉంది కదా, ఆ వేడికే ఉడుకుతాది. సూది దానంతటదే పడేదాకా ముట్టుకోకండి" అంది కోడలు, స్టీలు గ్లాసు బోర్లించి దాని మీద కొవ్వొత్తి అంటిస్తూ.

"మరి కూత?"

"కరెంటు లేకపోతే కూతెక్కడిదండీ."

వాకిట్లో రేకు కింద కొడుకు నిలబడి ఉన్నాడు. జల్లు ఏటవాలుగా కొడుతోంది. స్కూటరు వెనక్కి జరిగాడు, గోడకి ఆనుకున్నాడు, అయినా తడుస్తూనే ఉన్నాడు. కూతురు కిటికీలోంచి అరిచింది:

"నాన్నా, తడిసిపోతన్నావు, లోపలికి రా. ఇక్కడెవ్వరూ ప్రార్థన సెయ్యట్లేదు."

మేం ముగ్గురం ఎటు చూడాలో తెలియక కుక్కరు వైపు చూశాం. అతను వచ్చాడు. గుమ్మంలో ఆగి తల దులుపుకుని, తలుపు పక్కనే గోడకి చేరబడి కూర్చున్నాడు. పెద్దమ్మ పోయాక ఆ వేళప్పుడు అతన్ని ఆ గదిలో నేను చూడడం అదే మొదలు.

సూది నిలబడే ఉంది. దేవుడే వాన పంపి వాణ్ణి లోపలికి తెచ్చాడు, పెద్దయ్యగారు ఇప్పుడు వదలరు, అనుకున్నాను. ఆయన కళ్ళు మూసుకున్నారు కూడా. మళ్ళీ తెరిచేశారు. రెండు చేతులూ మోకాళ్ళ మీద బోర్లించి కూర్చున్నారు.

"సెయ్యి మరి" అన్నాడు కొడుకు.

"ఏటి?"

"ప్రార్థన. ఎలాగూ మూత రాదు కదా."

"వొద్దురా. నువ్వొద్దన్నావు."

"రోజూ వింటన్నాను నాన్నా బయట నిలబడి. కిటికీ తెరిసే కదా ఉంతాది."

పెద్దాయన గ్లాసు మీద ఒరిగిన కొవ్వొత్తిని సరిగా నిలబెట్టారు. తరువాత అన్నారు:

"ఆ రోజు నాను ప్రార్థన సెయ్యలేదురా."

మాకెవరికీ అర్థం కాలేదు. ఏ రోజో మాత్రం అందరికీ తెలుసు.

"నోరాడింది గాని అది ప్రార్థన కాదు. కళ్ళు మూసుకునే ముందు మీ అమ్మ మొకం సూసినాను. ఎల్లిపోతాదని తెలిసిపోనాది. నాను ఆమెన్ అంతే నువ్వు బండి తీస్తావు. బండి ఎల్లిపోతే మరింక సూడనని భయమేసింది. అందుకే ఆపలేదు. వానలన్నాను, రైతులన్నాను, నోటికేటొస్తే అదన్నాను. దేవుడితో కాదు, ఎవరితోనూ కాదు. మీ అమ్మని గుమ్మం ముందర ఇంకొంచెం సేపు ఉంచుకుందారని."

కోడలు ఏదో అనబోయింది. ఆయన చెయ్యెత్తి ఆపారు.

"నువ్వు సాలన్నావు. నాకు వినబడింది."

కొడుకు తల ఎత్తాడు.

"వినబడిందిరా. వినబడనట్టు ఉన్నాను. నీ కోపం నాయమే. నాను దేవుడి పేరెట్టి బండి ఆపినాను."

అంతకన్నా ఏమీ అనలేదు. క్షమించమని అడగలేదు, ప్రభువు చిత్తం అనలేదు, కోడలు ఎన్నోసార్లు చెప్పిన గుండె సంగతి ఎత్తలేదు. నేను ఆయన నోట విన్న అన్ని మాటల్లోకీ అవి సూటివి.

కొడుకు తడిసిన చొక్కా అంచు పిండుకున్నాడు. వాన కాస్త తగ్గింది. అప్పుడు, ఎవరికీ చెప్పనట్టుగా, లోగొంతుతో, "ఆమెన్" అన్నాడు.

పుట్టినప్పటినుంచీ ఆమెన్ వింటున్నాను. పాటల చివర, ప్రసంగాల మధ్య, సగం నిద్రలో, అలవాటుగా. మా ఆరాధనలో పాపపు ఒప్పుకోలు చదివాక అందరం కలిసి చెప్పే ఆమెన్ కూడా ఎన్నో ఆదివారాలు చెప్పాను. అది ఎందుకు చెబుతామో ఆ గదిలో తెలిసింది. ఒకడు చెప్పినది నిజమేనని, అది తనమీద కూడా ఉందని, పక్కనున్నవాడు ఒప్పుకోవడమది.

పెద్దాయన ఊతం కోసం చెయ్యి చాచి కుర్చీ కాలు పట్టుకున్నారు.

"తాతా, సూది పడింది" అంది మనవరాలు.

కోడలు మూత తీసింది. లోపల గంజికి కాస్త ఇవతల ఉంది. ఆ పిల్ల వడ్డించబోతే పెద్దాయన గరిటె తీసుకుని మొదట కొడుకు పళ్ళెంలో వేశారు. కొంత చాప మీద పడింది. కొడుకు ఆ పడినదాన్ని వేళ్ళతో ఎత్తి తన పళ్ళెంలోనే వేసుకున్నాడు.

"రొయ్యలు ఇంకొన్ని వెయ్యి" అన్నాడు.

ఆయన వేశారు. నాకూ ఒక పళ్ళెం ఇచ్చారు. రంగు కాగితాల సంగతి అడగడం మర్చిపోయి ఇంటికొచ్చేశాను.

ఆ తరువాత వాకిట్లో స్కూటరు పక్కన ఎవరూ నిలబడలేదు. కూత పడేసరికి అతను చాప మీద ఉండేవాడు. ప్రార్థనలో తల వంచేవాడో లేదో నాకు తెలియదు, నేను గోడ ఇవతలే ఉన్నాను. రెండో గొంతు మాత్రం వినబడింది. పాట కాదు. "నాన్నా, మీట నేను తీస్తాను, నీ సెయ్యి కాల్తాది" లాంటి మాటలు. పెద్దాయన ప్రార్థన కూడా మళ్ళీ పెరగలేదు. గుడిలో అప్పగించినప్పుడు మాత్రం పాత వరుసలోనే ఆకాశం, భూమి దగ్గరనుంచి కండక్టర్ల దాకా నడిపించేవారు. అందుకే లోకానికి ఆయన పొడుగు ప్రార్థన ఒక్కటే గుర్తుంది.

అలా ఏడాది పైన గడిచింది. ఆయన నిద్రలోనే వెళ్ళిపోవడానికి కొన్ని వారాల ముందు, ఒక ఆదివారం ఆరాధన అయ్యాక గుడి మెట్ల దగ్గర పాస్టరుగారు ఆయన్ని ఆపారు. నేను పక్కనే పిల్లల చెప్పులు సర్దుతున్నాను.

"పెద్దాయనా, మీ అబ్బాయి ఇంకా ఆరాధనకి రావడం లేదు. ఒకసారి నేను ఇంటికి వచ్చి మాట్లాడమంటారా?"

పెద్దాయన మెట్ల పక్క గోడ పట్టుకుని ఒక మెట్టు దిగి, ఆగారు.

"మాటాడకండయ్యగారూ" అన్నారు. "ఆడు ఇంట్లోకొచ్చినాడు. మిగతాది ప్రభువు సూసుకుంతాడు, ఆయనకి తొందర లేదు. నాకూ లేదు."